ఒహాయో దారిలో హంగేరియన్ ఉపవాసం

హంగేరీ గడప తొక్కకుండానే హంగేరియన్ భాషలో భోజనం అడగడం నేర్చుకున్న తెలుగువాళ్ళు అమెరికా మొత్తం మీద ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళలో మా ఆవిడ సుభద్ర ఒకతె. మిగతావాళ్ళెవరో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.

ఇంత దురుసుగా మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఎనభై నాలుగు అక్టోబరులో మేమిద్దరం వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి పెన్సిల్వేనియా మీదుగా ఒహాయో వెళ్ళి మూడు రోజుల్లో తిరిగొచ్చాం. ఆ నెలలో ఆ దారిన వెళ్ళినవాళ్ళంతా ఆకుల రంగుల గురించి రాస్తారు. నేను ఆకులు సరిగ్గా చూడలేదు. మూడు రోజులూ పెళ్ళాన్ని చూసి కుళ్ళుకుంటూ కారు నడిపాను.

అప్పటికి మాకు పెళ్ళయి పన్నెండేళ్ళు, ఈ దేశం వచ్చి పదేళ్ళు. ఆ పదేళ్ళలో ఏ హోటల్లోనూ సుభద్ర నోరు తెరిచి ఫలానాది కావాలని అడగలేదు. మెనూ కార్డు నేనే చదివేవాణ్ణి. మాంసం, గుడ్డు లేనిదేదో వెతికి చెప్పేవాణ్ణి. చాలాసార్లు ఫ్రెంచ్ ఫ్రైస్, జున్ను పెట్టిన బ్రెడ్డు దగ్గర ఆగేవాణ్ణి. చివర్లో వెయిట్రెస్‌తో ‘ఆవిడక్కూడా అదే’ అనేవాణ్ణి. సుభద్ర తలూపేది. బ్యాంకూ డాక్టరూ నా పనే. ఫోన్ మోగితే ఎత్తేదీ నేనే, అది మేమొచ్చిన మొదటి చలికాలం నుంచీ మా ఇంటి పద్ధతి. పైకి విసుక్కునేవాణ్ణి గానీ, లోపల నాకు ఆ ఉద్యోగం భలే ఇష్టం.

పక్కింటి బడి

మా పక్కింట్లో ఇలోనా అనే హంగేరియన్ ముసలావిడ ఉంది. డెబ్బై దాటింది, భర్త పోయాడు. యాభై ఆరులో అక్కడ గొడవలు జరిగినప్పుడు రాత్రికి రాత్రి సరిహద్దు దాటి వచ్చిన కుటుంబం. ఆవిడ ఇంగ్లీషు మా ఆవిడ ఇంగ్లీషు కంటే అన్యాయం. నేను ఆఫీసుకెళ్ళాక సుభద్ర ఆవిడ వంటింట్లో కూర్చునేది. నాలుగేళ్ళు అలా గడిచాయి. వాళ్ళిద్దరూ సైగలతో కాలక్షేపం చేస్తున్నారనుకున్నాను.

హంగేరియన్లు పెద్దావిడల్ని ఉత్త పేరుతో పిలవరు, పేరు చివర ‘నేని’ అంటారు. మన పిల్లలు దారినపోయే ప్రతి ఆడమనిషినీ ఆంటీ అనడం లేదూ, అలాంటిదే. అందుకని ఆవిడ ఇలోనా నేని.

ఆ నేనికి వేళ్ళు వంకర్లు పోయి పిండి వత్తడం కష్టమైంది. వాళ్ళమ్మ నాటి కొయ్య పలక ఒకటి ఉంది, అరచేతి వెడల్పు, మీద దువ్వెన పళ్ళలా సన్నటి గాళ్ళు. సూపులో వేసే గవ్వల్లాంటి సేమ్యాని దాని మీద చుడతారు. ఊరు వదిలి వస్తూ ఉడుపులు కూడా సరిగ్గా తెచ్చుకోలేదు గానీ ఆ పలక తెచ్చారట. దాన్ని క్లీవ్‌లండ్‌లో ఉన్న చెల్లెలు మార్గిత్‌కి చేర్చాలని నేని కోరిక. పోస్టులో వేయడానికి మనసొప్పలేదు. సుభద్ర “మేం తీసుకెళ్తాం నేనీ” అని మాటిచ్చేసి, తర్వాత నాకు చెప్పింది.

బయలుదేరే ముందురోజు నేని మా వంటింట్లో బడి పెట్టింది. దారంతా హంగేరియన్ ఇళ్ళూ హోటళ్ళూ తగులుతాయి, మాంసం లేకుండా ఎలా తింటారన్నది ఆవిడ బెంగ. నేను పుస్తకంలో చూసి బట్టీపట్టిన వాక్యం ఒప్పజెప్పాను. ‘నెమ్ ఎసెమ్ హూష్ట్’, అంటే మాంసం తిననని. నేని నవ్వి సుభద్రతో ఏదో చెప్పింది.

“ఆ మాట పనికిరాదుటండీ,” అంది సుభద్ర. “మాంసం తిననంటే ముక్కలు ఏరేసి పులుసు పోస్తారుట. కోడి మాంసం కాదనుకునేవాళ్ళు కూడా ఉంటారుట. అన్నిటికంటే ముఖ్యం ఝీర్. పందికొవ్వు. నూనె బదులు అదే వాడతారు.”

“మరి ఏమనాలిట?”

“ఉపవాసం అనాలిట. బొయ్‌తొలొక్. ఉపవాసమంటే ఏ ముసలమ్మా ఎదురు చెప్పదు, ఝీర్ కూడా ముట్టుకోకుండా నూనెతో వండుతుందిట.”

నాకు ఒళ్ళు మండింది. పుట్టుకతో శాకాహారులం, మనకి ఉపవాసమేమిటి, అబద్ధం చెప్పి అన్నం తినాలా అన్నాను.

“అబద్ధం ఎందుకవుతుంది? నేను శనివారాలు ఉంటున్నాగా,” అంది.

నిజమే. పదేళ్ళుగా శనివారాలు ఒంటిపూట ఉంటోంది. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం గ్లాసుడు పాలు. ఇంట్లో ఆడవాళ్ళకి ఏదో ఒక వారం ఉండనే ఉంటుంది కదా అని నేను పట్టించుకోలేదు.

మెకీస్‌పోర్ట్‌లో నాలుగు ముద్దలు

గురువారం మధ్యాహ్నానికి పిట్స్‌బర్గ్ దగ్గర మెకీస్‌పోర్ట్ చేరాం. ఉక్కు కర్మాగారాల ఊరు, పనులు తగ్గి సగం కొట్లకి తలుపులు వేసి ఉన్నాయి. నేని చెప్పిన హోటల్ ఒక ఇంటి ముందు గదే. ఐదు బల్లలు, గోడకి ఎర్రదారం కుట్టుపని గుడ్డలు, కిటికీలో దండలుగా ఎండు మిరపకాయలు. ఆ మిరపకాయలు చూసి ప్రాణం లేచొచ్చింది. తర్వాత తెలిసింది, అందులో రంగే గానీ కారం లేదు.

“ఆగండి, నేను అడుగుతాను,” అంది సుభద్ర.

“నేనున్నాను కదా,” అన్నాను.

వడ్డించే మనిషికి ఇంగ్లీషు బాగానే వచ్చు. మేం వెజిటేరియన్లం, మాంసం వద్దు అన్నాను. నో ప్రాబ్లమ్ అన్నాడు. ఆవిడక్కూడా అదే అన్నాను. పది నిమిషాల్లో కాబేజీ వేయించి కలిపిన వెడల్పాటి సేమ్యా పళ్ళెం నా ముందు పెట్టాడు. రెండో పళ్ళెం ఇంకా రాలేదు. వేడిగా, మిరియాల ఘాటుతో, అంచుల దగ్గర కొంచెం మాడి ఎంత బాగుందో చెప్పలేను. నాలుగు ముద్దలు తిన్నాక తలెత్తితే సుభద్ర ఎదురుగా లేదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వంటావిడతో మాట్లాడుతోంది.

ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను చూడలేదు. మా ఇంట్లో కూడా అంత గొంతు ఎత్తదు. వంటావిడ రెండు చేతులూ తుడుచుకుని సుభద్ర బుగ్గలు పట్టుకుంది. నన్ను చూపించి ఏదో అడిగింది. సుభద్ర గబగబా వచ్చి నా చేతిలో ఫోర్కు లాక్కుంది.

“ఝీర్ వేసి వేయించిందిట. పిండిలో గుడ్డు కూడా ఉందిట. ఎన్ని ముద్దలు తిన్నారు?”

“రెండు,” అన్నాను.

బాత్రూమ్‌లోకి వెళ్ళి నోరు పుక్కిలించాను. అద్దంలో నా మొహం నాకే నచ్చలేదు. నేను వచ్చేసరికి వంటావిడ సుభద్ర కోసం విడిగా నూనె కాచి, అప్పచ్చి లాంటి లాంగోష్ వేయించి, పైన వెల్లుల్లి నీళ్ళు చిలకరిస్తోంది. మన పూరీకి అన్నయ్య లాంటిది. గుడ్డు లేదు, కొవ్వు లేదు. నాకూ రెండు వచ్చాయి, సుభద్ర పలుకుబడి మీద. బిల్లు ఆరు డాలర్లు. లాంగోష్‌లకి వంటావిడ డబ్బు పుచ్చుకోలేదు. కారెక్కుతుంటే పొట్లం కట్టిన ఆపిల్ పళ్ళు సుభద్ర ఒళ్ళో పెట్టింది. నా వైపు చూసి తలూపింది, అంతే.

పందికొవ్వు తిన్నానన్న బాధ ఎంత ఉందో, అది కనిపెట్టింది సుభద్ర అన్న బాధ అంతకు రెట్టింపు ఉంది.

క్లీవ్‌లండ్: చర్చి కింద గది

మార్గిత్ నేని క్లీవ్‌లండ్ తూర్పు వైపు బక్ఐ రోడ్డు దగ్గర ఉంటుంది. ఒకప్పుడు ఆ రోడ్డంతా హంగేరియన్ కొట్లేనట, ఇప్పుడు చాలామంది శివార్లకి పోయారు. ఆవిడ అక్కలా కాదు, ఇరవై ఏళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసి ఇంగ్లీషు బాగా నేర్చుకుంది. పలక చేతిలో పెట్టగానే ఆ గాళ్ళ మీద బొటనవేలు పోనిచ్చి చూసుకుంది. ఆ తర్వాత కుర్చీ ఇచ్చింది సుభద్రకి. నేను నిలబడే ఉన్నాను.

మరునాడు శుక్రవారం మమ్మల్ని చర్చికి తీసుకెళ్ళింది. కింద గదిలో పొడుగాటి బల్ల చుట్టూ ఎనిమిది మంది ముసలమ్మలు, తలలకి గుడ్డలు, ముందు పిండి బిళ్ళలు. పెళ్ళిళ్ళకీ చర్చి ఖర్చులకీ గవ్వల సేమ్యా చేసి అమ్ముతారు. మనవైపు పెళ్ళికి ముందు ఇరుగుపొరుగు చేరి అప్పడాలు వత్తుతారే, ఆ ముచ్చట్లూ ఆ ఎకసెక్కాలూ అన్నీ ఉన్నాయి. చిన్న చదరపు పిండి ముక్కని పలక మీద పెట్టి, కదురు లాంటి పుల్లతో ఒక్క తోపు తోస్తే గవ్వ తయారు. సుభద్ర మూడోదానికే కుదుర్చుకుంది. గుడ్డు కలిపిన పిండి కనక తినలేదు, చెయ్యి మాత్రం ఆపలేదు.

మగవాళ్ళు బల్ల దగ్గర కూర్చోరట. నన్ను గోడ పక్క కుర్చీలో కూలేసి కాఫీ ఇచ్చారు. అక్కణ్ణుంచి వినబడుతోంది గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. పదేళ్ళు సుభద్ర నా పక్కన ఇలాగే కూర్చుని ఉంటుందన్న ఆలోచన అప్పుడు రాలేదు. నాకు ఒకటే ఉడుకు. ఆమె చెప్పినదానికి ఎనిమిది మందీ నవ్వుతున్నారు. ఇంట్లో నాతో ఎప్పుడైనా జోకు వేసిందా? ఒకావిడ సుభద్ర జడ ఎత్తి చూసింది. ఇంకొకావిడ నల్లపూసల లెక్క అడుగుతోంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

పన్నెండింటికి భోజనాలు. శుక్రవారాలు ఆ ముసలమ్మలూ మాంసం ముట్టరు, అయినా సుభద్ర లేచి బొయ్‌తొలొక్ అంది. అక్కడ చిక్కొచ్చింది. వాళ్ళ పెద్ద ఉపవాసాలు ఈస్టర్ ముందు. అక్టోబరులో ఏమిటని ఒకావిడ అడిగింది. సుభద్ర ‘ఫొగదలొమ్’ అంది. మొక్కు అని అర్థమట. అందరికంటే పెద్దావిడ పుల్ల కింద పెట్టి ‘కియేర్త్’ అంది. ఎవరి కోసమని.

సుభద్ర చేతుల పిండి రాల్చుకుని, మెల్లగా మొదలుపెట్టింది. మధ్యలో పిడికిలి చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత అరచేత్తో నోరు మూసుకుని చూపించింది. పెద్దావిడ ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఎనిమిది మందీ ఒక్కసారి నా వైపు తిరిగి చూశారు.

కుర్చీలో సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. ఎవరి కోసమో నాకు తెలియదా? ఇంట్లో ఇంకెవరున్నారు? మొగుడి ఆరోగ్యం కోసం పదేళ్ళుగా శనివారాలు కడుపు మాడ్చుకుంటున్న ఇల్లాలు. ఆ ముసలమ్మల ముందు నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. అంతలోనే మళ్ళీ కుళ్ళు. నాకు చెప్పని మాట వీళ్ళకి చెప్పింది.

నాకు పళ్ళెంలో బంగాళదుంపల కూర తెచ్చిచ్చారు, నూనెతో వండింది. తర్వాత గసగసాలూ పంచదారా పొడి చేసి జల్లిన సేమ్యా, కొట్లో కొన్నదే, గుడ్డు లేదని సుభద్ర పెట్టె చదివి మరీ ఒప్పుకుంది. గసగసాల్ని తీపిలో తినడం నాకు కొత్త. రుచిగా ఉందని చెబుదామంటే మాట రాదు. చేత్తో బావుందన్నట్టు చూపించాను. పెద్దావిడ నా భుజం తట్టింది. ఆ తట్టడంలో గౌరవం కంటే జాలి ఎక్కువ ఉన్నట్టనిపించింది.

మార్గిత్ నేని వాకిలి

శనివారం పొద్దున్న, మధ్యాహ్నం భోజనానికి పొట్లాలు కట్టించుకుని బయలుదేరాం. సుభద్ర లోపల వీడ్కోలు చెబుతూ ఉంటే మార్గిత్ నేని ఒక్కతే కారు దాకా వచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగాను, తెలిసినవాడిలా.

“నిన్న మా ఆవిడ మొక్కు సంగతి చెప్పినట్టుంది.”

“చెప్పింది. నాకూ మొదట్లో ఫోన్ అంటే అంతే భయం,” అంది మార్గిత్ నేని. “నువ్వు బతికున్నావో లేదో తెలియకుండా మూడు గంటలు కిటికీ దగ్గర నిలబడిందట కదా.”

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి చలికాలం. మంచులో కారు జారి నా చెయ్యి విరిగింది. ఆసుపత్రి వాళ్ళు ఇంటికి ఫోన్ చేశారు. సుభద్ర నా పేరు విని, ఆసుపత్రి అన్న మాట విని, నోట మాట రాక ‘యెస్, యెస్’ అని ఊరుకుంది. వాళ్ళు పెట్టేశారు. కట్టుతో ఇంటికొచ్చి నేనన్న మొదటి మాట, రెండు ముక్కలు మాట్లాడలేకపోయావా అని. ఆ తర్వాత, ఇక ఫోన్ ఎత్తకు, నేనున్నాను కదా అన్నాను. అది ప్రేమగానే అన్నాననుకుంటూ వచ్చాను.

“అందుకే కదా మొక్కుకుంది,” అంది ఆవిడ. “పరాయి వాళ్ళతో తన మాట తను చెప్పుకోగలిగిన రోజు దాకా వారానికో పూట తిననని. నిన్న ఎనిమిది మందితో మాట్లాడింది. ఇంక మొక్కు తీరినట్టే అన్నాను. హంగేరియన్ లెక్కలోకి రాదు నేనీ అంది.”

ముందు సిగ్గు పడాలి. నేను ముందు అసూయే పడ్డాను. ఆ మొక్కు నా కోసం కాదు.

టర్న్‌పైక్ మీద

ఆ టోలు రోడ్డు మీద వంద మైళ్ళు ఓర్చుకున్నాను.

“శనివారాలు దేనికి ఉంటున్నావు?”

“ఇన్నాళ్ళకి అడిగారా,” అంది సుభద్ర. “మార్గిత్ నేని చెప్పిందా?”

“చెప్పింది. నాకెందుకు చెప్పలేదు?”

“వాళ్ళు అడిగారు, చెప్పాను.”

“నా కోసమేమో అనుకున్నాను.”

“మీ కోసం మంగళవారాలు ఉండేదాన్ని. మీ చెయ్యి అతుక్కోగానే మానేశాను.”

నవ్వుతోందేమోనని పక్కకి చూశాను. ఆపిల్ చెక్కు తీస్తోంది. చెక్కు తెగకుండా పొడుగ్గా వస్తోంది. సగం నాకిచ్చింది.

“నాతో మాట్లాడటానికీ భయమా?” అన్నాను.

“మీతో భయం లేదండీ. మీరుండగా మాటకి అవసరం రాలేదు.”

బ్రీజ్‌వుడ్‌లో శనివారం సాయంత్రం

సాయంత్రం ఆరింటికి బ్రీజ్‌వుడ్‌లో ఆగాం. పెన్సిల్వేనియాలో రోడ్లన్నీ కలిసే చోటు, పెట్రోలు బంకులు, లారీలు, వరసగా హోటళ్ళు. ఇక్కడ హంగేరియన్ లేదు. నా ఉద్యోగం నాకు తిరిగొచ్చిందని లోపల సంతోషించాను, అబద్ధమెందుకు. అలవాటుగా మెనూ కార్డు తీసుకున్నాను.

“ఈవేళ శనివారం కదా, నీకు పాలు చెప్పనా?”

సుభద్ర రెండో కార్డు తీసి చదవడం మొదలుపెట్టింది. వెయిట్రెస్ వచ్చి, అందరిలాగే, నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

“మేము మాంసం తినము,” అంది సుభద్ర, ఇంగ్లీషులో. “గుడ్డు కూడా తినము. ఫ్రెంచ్ ఫ్రైస్ దేనిలో వేయిస్తారు?”

వెయిట్రెస్ పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. “ఫ్రయ్యర్‌లో, హనీ.”

“ఫ్రయ్యర్‌లో ఏముంది? నూనా, జంతువు కొవ్వా? దయచేసి కుక్‌ని అడగండి.”

ఆ మనిషి విసుక్కుంటుందని చూశాను. విసుక్కోలేదు. వంటింటి కిటికీలోకి తల పెట్టి అడిగి వచ్చింది. “బీఫ్ ఫ్యాట్, హనీ. బీన్స్‌లో కూడా బేకన్ ఉంటుంది. మంచిదైంది అడిగావు.”

సుభద్ర నా వైపు ఒకసారి చూసింది. పదేళ్ళలో ఎన్ని హోటళ్ళు, ఎన్ని పళ్ళాల ఫ్రెంచ్ ఫ్రైస్. అన్నీ నేనే అడిగాను, దేనిలో వేయిస్తారని మాత్రం ఒక్కచోటా అడగలేదు. మెకీస్‌పోర్ట్ నాలుగు ముద్దలకే నోరు పుక్కిలించుకున్నవాణ్ణి, ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు.

“అయితే అవి వద్దు,” అంది సుభద్ర. “ఉడికించిన మొక్కజొన్న, కాల్చిన బంగాళదుంప, దాని మీద వెన్న. టొమాటోలు కోసివ్వండి. కాఫీలో పాలు ఎక్కువ.”

వెయిట్రెస్ అంతా రాసుకుని, చదివి వినిపించింది. సుభద్ర ‘యెస్’ అంది. పదేళ్ళ కిందట ఫోన్‌లో అన్న మాటే.

“సాయంత్రం తింటావా?” అన్నాను తెలుగులో.

“తింటాను. ఆకలేస్తోంది.”

నా కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ ఉంది. అవతల గదిలో ఫోన్ మోగింది, ఆమే ఎత్తింది, ఎవరితోనో నవ్వుతోంది. ఆ రోజు మాత్రం వెయిట్రెస్ పెన్సిలు పట్టుకుని చివరికి నా వైపు తిరిగింది.

“మీకేం కావాలి, సర్?”

మెనూ మూసి ఇచ్చేశాను.

“నాక్కూడా అదే,” అన్నాను.